మూత తీయని భోజనం మంటలపాలు కావలసిందేనా?

గల్ఫ్ దేశాలకు రాకపోకలు సాగించే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి జిద్దాకు, దుబాయికి, దోహాకు పని కోసం వెళ్లేవారు, ఉమ్రాకు బయలుదేరే వృద్ధులు, సెలవులకు పిల్లలతో ఇంటికి వచ్చేవారు... వీరందరికీ విమానంలో పెట్టే భోజనం పరిచయమే. అర్ధరాత్రి దాటాక విమానం లేస్తుంది. నిద్రలో ఉన్న పిల్లవాడి ముందు కూడా ఒక ట్రే పెడతారు. పిల్లవాడు లేవడు. అలసిపోయిన తల్లి రెండు ముద్దలు తిని ఆపేస్తుంది. పక్క సీటులోని పెద్దాయన అది హలాల్ అవునో కాదో తేల్చుకోలేక మూత కూడా తీయకుండా తిప్పి పంపుతాడు. కాసేపటికి ట్రేలన్నీ బండిలోకి చేరి కనుమరుగవుతాయి. ఆ మూత తీయని భోజనం చివరికి ఏమవుతుంది?

విమానం దిగాక ఎవరో పేదవాళ్లకు పంచుతారని చాలామంది అనుకుంటారు. వాస్తవం అందుకు పూర్తిగా విరుద్ధం. అంతర్జాతీయ విమానం నుంచి దిగిన ఆహారాన్ని కాల్చివేయాలని, లేదా అనుమతి పొందిన చోట లోతుగా పాతిపెట్టాలని అనేక దేశాల చట్టాలే నిర్దేశిస్తున్నాయి. మనిషి చేయి తగలని అన్నమైనా, సీలు విప్పని పెరుగు డబ్బా అయినా దానికి మినహాయింపు దొరకడం అరుదు. ఒక పక్క ఆకలి, మరో పక్క చట్టబద్ధంగా మంటల్లో వేస్తున్న అన్నం. దీనిని చూసి బాధపడటం సహజమే. అయితే బాధపడి ఊరుకుంటే సమస్య తీరదు. ఈ అన్నం ఎందుకు మిగులుతోంది, మిగిలినదాన్ని ఎందుకు కాల్చవలసి వస్తోంది అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా పరిశీలించాలి.

లెక్కలు ఏమంటున్నాయి?

విమాన సంస్థల ప్రపంచ సంఘమైన ఐయాటా అంచనా ప్రకారం 2023లో విమానాల నుంచి దిగిన చెత్త సుమారు 36 లక్షల టన్నులు. అందులో 65 శాతం ఆహార పానీయాలే. మొత్తం చెత్తలో దాదాపు 18 శాతం ఎవరూ ముట్టని భోజనాలు. అంటే ప్రయాణికుడు తినగా మిగిలినది మాత్రమే కాదు, అసలు ఎవరి నోటికీ అందకుండా ఆకాశంలో తిరిగి వచ్చిన అన్నం కూడా ఇందులో గణనీయంగా ఉంది.

న్యాయంగా చెప్పాలంటే ప్రపంచంలో వృథా అయ్యే ఆహారమంతటి ముందు ఇది చాలా చిన్న భాగం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ల నుంచి వచ్చినదే. ఆ లెక్క ముందు విమానాల వాటా సముద్రంలో చెంబెడు నీళ్లు. మరి దీని గురించి ఇంత చర్చ ఎందుకు?

కారణం ఒక్కటే. వండేవాడికి తినేవాడి పేరు, సీటు నంబరు, తినబోయే తేదీ, గంట కూడా ముందుగానే తెలిసిన వంటశాల ప్రపంచంలో మరొకటి దాదాపు లేదు. వలీమా దావత్ చేసే ఇంటి యజమానికి ఎంతమంది వస్తారో తెలియదు. ఎన్ని దేగ్‌ల బిర్యానీ దించాలో ఊహించుకోవలసిందే. హోటల్ వాడికీ అంతే. విమాన సంస్థ దగ్గర మాత్రం ప్రయాణికుల జాబితా సిద్ధంగా ఉంటుంది. అంత సమాచారం చేతిలో ఉండి కూడా ఇంత అన్నం మిగులుతున్నదంటే, లోపం మరెక్కడో ఉందన్న మాట.

వంటశాల నుంచి సీటు వరకు

విమాన భోజనం విమానంలో వండరు. విమానాశ్రయం సమీపంలోని పెద్ద వంటశాలలో గంటల ముందే వండి, వెంటనే యంత్రాలతో చల్లబరిచి, సుమారు 5 డిగ్రీల లోపు చలిలో ఉంచుతారు. తరువాత ట్రేలలో అమర్చి, బండ్లలో పేర్చి, లారీలో విమానం దగ్గరకు తీసుకుపోతారు. గాలిలోకి లేచాక సిబ్బంది చేసేది వేడి చేయడం, వడ్డించడం మాత్రమే. ఇంత ముందుగా వండవలసి ఉండటం వల్ల చివరి గంటల్లో జరిగే మార్పులు వంటశాలకు అందవు, అందినా ఉపయోగపడవు.

టికెట్టు కొన్నవాళ్లంతా విమానం ఎక్కరు. నెదర్లాండ్స్‌కు చెందిన కే.ఎల్.ఎం. సంస్థ లెక్క ప్రకారం నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు చివరకు రారు. 300 మంది విమానంలో అది సుమారు 12 భోజనాలు. దీనికి తోడు ఎంపిక సమస్య ఒకటుంది. కోడికూరా, కూరగాయలా అని అడిగే మర్యాద నిలబడాలంటే రెండూ కొంచెం ఎక్కువగా ఎక్కించక తప్పదు. చివరి వరుసలో కూర్చున్నవారికి కోరినది దొరకలేదంటే ఫిర్యాదు వస్తుంది. మిగిలిన ట్రేల గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు. కనుక అధికారి ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గుతాడు. కొన్ని మార్గాల్లో తిరుగు ప్రయాణపు భోజనం కూడా ఇక్కడే ఎక్కించి పంపుతారు.

ఇక తిన్నవారి సంగతి. ఎత్తులో ఎగిరే విమానంలో గాలి పొడిగా ఉంటుంది, పీడనం తక్కువగా ఉంటుంది. జర్మనీలోని లుఫ్తాన్సా సంస్థ ఫ్రౌన్‌హోఫర్ పరిశోధనాలయం చేత 2010లో చేయించిన పరీక్షల్లో, అటువంటి వాతావరణంలో నాలుకకు ఉప్పు, తీపి మందగిస్తాయని తేలింది. నేల మీద రుచిగా ఉన్న కూర పైన చప్పగా అనిపిస్తుంది. వేళకాని వేళ భోజనం, దానికి తోడు చప్పదనం. సగం తిని వదిలేస్తారు.

నష్టం అన్నంతోనే ఆగదు. గాలిలో మోసే ప్రతి కిలోకూ ఇంధనం ఖర్చవుతుంది. అదనంగా మోసిన బరువులో గంటకు సుమారు 3 శాతం బరువుగల ఇంధనం కాలుతుందన్నది వైమానిక రంగంలో వాడే ఉజ్జాయింపు లెక్క. హైదరాబాద్ నుంచి దుబాయికి సుమారు నాలుగు గంటలు. ఎవరూ తినని 100 కిలోల భోజనాన్ని అంత దూరం మోయడానికే 12 కిలోల ఇంధనం కావాలి. కాలిన ప్రతి కిలో ఇంధనం మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువును గాలిలో కలుపుతుంది. వండటానికి ఖర్చు, మోయటానికి ఖర్చు, చివరకు కాల్చటానికీ ఖర్చే!

చట్టం ఎందుకు కాల్చమంటోంది?

ఈ చట్టాలను దయలేని వారెవరో రాశారని అనుకోవడం పొరపాటు. వాటి వెనుక చేదు అనుభవాలున్నాయి. 1957లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ విమానాశ్రయం దగ్గర విమానాల నుంచి దిగిన ఆహార వ్యర్థాలను పందులకు మేతగా వేశారు. ఆఫ్రికాలో ఉండే స్వైన్ ఫీవర్ అనే ప్రాణాంతక పశువ్యాధి ఆ విధంగా మొదటిసారి ఆ ఖండం దాటింది. 1960లో మళ్లీ వచ్చి స్పెయిన్‌కు కూడా పాకింది. స్పెయిన్ దాని నుంచి విముక్తి పొందినట్లు ప్రకటించుకోవడానికి 1995 వరకు ఆగవలసి వచ్చింది. ఎవరో పారేసిన నాలుగు ముక్కల మాంసం కొన్ని దశాబ్దాల శిక్ష విధించింది.

పందుల జబ్బుతో మనకేమిటని అనుకోవచ్చు. గాలికుంటు వ్యాధి సంగతి అలా కాదు. అది ఆవులకు, గేదెలకు, గొర్రెలకు, మేకలకు సోకుతుంది. 2001లో బ్రిటన్‌లో అది చెలరేగినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను వధించవలసి వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం గొర్రెలే. సరిగా వేడి చేయని వంట వ్యర్థాలను మేపిన ఒక పందుల ఫారం నుంచి అది మొదలైందని అక్కడి అధికారులు నిర్ధారణకు వచ్చారు. అవి విమానాల నుంచి వచ్చిన వ్యర్థాలని ఎవరూ అనలేదు. కాని పరాయి దేశపు మాంసం, పాలు ఎంత దూరం హాని చేయగలవో అందరికీ అర్థమైంది. వంట వ్యర్థాలను పశువులకు మేపడాన్ని బ్రిటన్ అదే ఏడాది నిషేధించింది.

యూరోపియన్ యూనియన్ 2009లో చేసిన నిబంధన, బయటి దేశాల నుంచి వచ్చే విమానాల ఆహార వ్యర్థాన్ని అత్యంత ప్రమాదకరమైన మొదటి వర్గంలో చేర్చింది. పిచ్చి ఆవు వ్యాధి అనుమానమున్న పశువుల కళేబరాలదీ అదే వర్గం! అమెరికాలో కూడా ఇటువంటి వ్యర్థాన్ని కాల్చాలి, లేదా తీవ్రమైన వేడితో నిర్జీవం చేయాలి. పశువుల మీద బతికే రైతు కుటుంబాలను కాపాడటం ఈ చట్టాల ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని మనం గౌరవించాలి. అయితే మాంసం ముక్కకూ, సీలు వేసిన నీళ్ల సీసాకూ, బిస్కెట్ల పొట్లానికీ తేడా చూడకపోవడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. ప్రమాదాన్ని బట్టి నిబంధనలను సవరించాలని ఐయాటా కొంతకాలంగా కోరుతోంది. కాల్చే ఖర్చు మిగిలితే విమాన సంస్థలకు లాభం కనుక వారి వాదనను ఉన్నదున్నట్లు ఒప్పుకోనక్కరలేదు. కాని వారడిగే ప్రశ్నలో బలముంది.

‘పేదలకు పంచవచ్చు కదా?’

ఈ మాట వినగానే మనసుకు హత్తుకుంటుంది. కాని మిగిలిన అన్నమంతా ఒకటి కాదు. దానిని మూడు రకాలుగా చూడాలి.

మొదటిది, వంటశాలలో వండి అసలు విమానం ఎక్కించనిది. ఇది సరిహద్దు దాటలేదు, చలిలోనే ఉంది, దీనికి వ్యాధి భయం లేదు. దీనిని పంచడానికి అడ్డు ఉండకూడదు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లోనే మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి నిబంధనలు తెచ్చింది. దాత ఏమి చేయాలి, పంచే సంస్థ ఏమి చేయాలి అన్నది అందులో ఉంది. ఇక కావలసింది పూనిక, చల్లదనం చెదరకుండా చేర్చే వాహనం.

రెండవది, విమానం ఎక్కి, ఎవరూ ముట్టకుండా దిగినది. ఇందులో సీలు విప్పని పానీయాలు, పొట్లాలు వేరు, వండిన కూరలు వేరు. హాంకాంగ్‌లో కాథే పసిఫిక్ సంస్థ, దిగిన విమానాల్లోని విప్పని పానీయాలను, చిరుతిళ్లను ఫీడింగ్ హాంకాంగ్ అనే సేవాసంస్థకు అందజేస్తోంది. అక్కడ సాధ్యమైనది ఇతర చోట్ల ఎందుకు సాధ్యం కాదని అడగటంలో తప్పు లేదు. వండిన కూరల విషయం అలా కాదు. వేడి చేసి, మళ్లీ చల్లారి, గంటల తరబడి బండిలో ఉన్న మాంసాన్ని ఎవరికైనా పెట్టడం దానధర్మం అనిపించుకోదు. మన పిల్లలకు పెట్టడానికి జంకే అన్నాన్ని పేదవాడి పిల్లలకు పెట్టమనే హక్కు మనకెక్కడిది?

మూడవది, తినగా మిగిలినది. దీనిని ఎవరికీ ఇవ్వలేము. దేశీయ విమానాలదైతే వాయువుగానో ఎరువుగానో మార్చవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్ సంస్థ 2019 మే నెలలో సిడ్నీ నుంచి అడిలైడ్‌కు, చెత్తకుప్పకు ఏమీ పంపకుండా ఒక విమానాన్ని నడిపి చూపించింది. అది స్వదేశీ మార్గం కావడం వల్లనే సాధ్యమైందన్నది గమనార్హం.

దీని నుంచి తేలేది ఒక్కటే. విమానం ఎక్కిన తరువాత భోజనాన్ని కాపాడే దారులు చాలా తక్కువ. అసలైన పొదుపు ఎక్కించకముందే జరగాలి.

ముందు చెబితే చాలు

జపాన్ ఎయిర్‌లైన్స్ 2020లో ఒక చిన్న ప్రయోగం మొదలుపెట్టింది. రాత్రి ప్రయాణంలో భోజనం అక్కరలేని వారు ముందుగానే ఆ మాట తెలుపవచ్చు. అలా మిగిలిన దానికి బదులుగా ఆ సంస్థ పేద దేశాల పిల్లల బడి భోజనానికి విరాళమిస్తుంది. 2022 నాటికి దానిని తన అంతర్జాతీయ మార్గాలన్నిటికీ విస్తరించింది. ఇక్కడ అన్నం చేతులు మారలేదు, దాని విలువ మారింది. ఏ దేశపు పశువైద్య చట్టమూ దీనికి అడ్డురాదు. మిగిలిన కూరను పేదవాడి చేతిలో పెట్టడం కన్నా ఇది ఎంతో గౌరవప్రదమైన పద్ధతి.

కే.ఎల్.ఎం. సంస్థ కంప్యూటర్ సహాయంతో, ప్రయాణానికి 17 రోజుల ముందు నుంచి చివరి 20 నిమిషాల వరకు ఎంతమంది నిజంగా ఎక్కుతారో అంచనా కడుతున్నట్లు 2024లో ప్రకటించింది. దుబాయిలోని ఎమిరేట్స్ వంటశాలలో చెత్తబుట్టల మీద కెమెరాలు అమర్చి, ఏ పదార్థం ఎంత పారవేస్తున్నారో లెక్కగడుతున్నారు. భోజనాన్ని ముందే ఎంచుకోమని అడిగే సంస్థలు కూడా పెరుగుతున్నాయి. సాధనాలు వేరు కావచ్చు. కాని అన్నిటి సారమూ ఒకటే. వండేవాడికి తినేవాడి మాట ముందుగా చేరాలి.

అయితే విమాన సంస్థలను ఒక మాట అడగాలి. భోజనం ధర టికెట్టులో కలిపి తీసుకున్నప్పుడు, వద్దని చెప్పిన ప్రయాణికుడికి ఏమి దక్కుతోంది? చెప్పినా చెప్పకపోయినా ఒకటే అయితే చెప్పే శ్రమ ఎవరు పడతారు? కొంత సొమ్ము వెనక్కి ఇవ్వాలి, లేదా అతని పేరున విరాళమైనా ఇవ్వాలి. చౌక విమానాల వారు భోజనాన్ని విడిగా అమ్మి ఈ చిక్కును తప్పించుకున్నారు. దానివల్ల వృథా తగ్గుతుంది నిజమే. కాని అప్పు చేసి తొలిసారి గల్ఫ్‌కు పోయే కూలీ ఆ ధర చూసి పస్తుండే పరిస్థితి రాకూడదు. పొదుపు పేరుతో ఆకలిని పేదవాడి సీటుకు మార్చడం పరిష్కారం కాదు.

మన వంతు

ఈ విషయం మన కుటుంబాలను నేరుగా తాకే చోట్లు మూడున్నాయి.

ఒకటి, హలాల్ సందేహం. ఎమిరేట్స్, సౌదియా, ఖతార్ ఎయిర్‌వేస్ వంటి సంస్థల్లో భోజనమంతా హలాలే. అక్కడ సందేహంతో ట్రే తిప్పి పంపవలసిన పనిలేదు. ఇతర సంస్థల్లో ముస్లిం భోజనాన్ని ముందుగా కోరాలి. ప్రపంచమంతటా దానికి ఎం.ఓ.ఎం.ఎల్. అనే గుర్తు ఉంది. సాధారణంగా ప్రయాణానికి 24 గంటల ముందు చెప్పాలి. ఎం.ఓ.ఎం.ఎల్. అని ముందుగా కోరిన భోజనానికే హలాల్ ధృవీకరణ ఉంటుందని, సౌదీ మార్గాల్లో మాత్రం భోజనమంతా హలాల్ అని ఎయిర్ ఇండియా 2024 నవంబరులో తెలిపింది. దానిపై అప్పట్లో వాదోపవాదాలు సాగాయి. వాటిని పక్కనపెట్టి చూస్తే మనకు మిగిలేది ఒక స్పష్టమైన సమాచారం: అడగనివారికి హామీ లేదు. టికెట్టు తీసే ఏజెంటుకు ఒక్క మాట చెబితే ఒక భోజనం దక్కుతుంది. చెప్పకపోతే మనమూ పస్తు, ఆ ట్రే కూడా వృథా. అలాగే ప్రత్యేక భోజనం కోరి ప్రయాణం మార్చుకున్నవారు, ఆ కోరికను కూడా మార్చుకోవాలి. ఆ ట్రే ఒక పేరు మీద ఎక్కుతుంది. ఆ మనిషి రాకపోతే దానిని అడిగేవారుండరు.

రెండు, రంజాన్ ప్రయాణాలు. ప్రయాణికుడికి సడలింపు ఉన్నప్పటికీ చాలామంది రోజాతోనే విమానం ఎక్కుతారు. పగటి భోజనం వద్దంటారు. సీటు దగ్గర వద్దనడం మర్యాదే, అది పక్కవారికి ఉపయోగపడవచ్చు కూడా. కాని అప్పటికే అది వండి, ఎక్కించి, మోసుకువచ్చిన భోజనం. గల్ఫ్ సంస్థలు కొన్ని ఇఫ్తార్ పెట్టెలను వేరుగా సిద్ధం చేస్తాయి. ఉమ్రా బృందాలను తీసుకుపోయే ఏజెంట్లు, ఇంతమంది రోజా ఉంటారు, వీరికి పగటి ట్రే వద్దు, ఇఫ్తార్ చాలు అని ముందుగా రాసి ఇస్తే ఎన్ని ట్రేలు మిగులుతాయో ఆలోచించండి. బృందమంతా ఒకే జాబితాలో ఉంటుంది కనుక ఇది ఒక్క ఉత్తరంతో అయ్యే పని.

మూడు, పిల్లల ట్రేలు, అర్ధరాత్రి ట్రేలు. డబ్బు కట్టాము కనుక తీసుకుందాం, తినకపోతే పోనీ అన్న ధోరణి మనలో లేదని చెప్పలేము. ఇంట్లో పెద్దలు దీనినే ఇస్రాఫ్ అంటారు. నేల మీద ఇస్రాఫ్ అయినది గాలిలో హక్కు ఎలా అవుతుంది? పిల్లవాడు నిద్రపోతున్నాడంటే ట్రే తీసుకోకుండా ఉండటమే మేలు. తీసుకుంటే సీలు ఉన్న రొట్టె, బిస్కెట్టు ప్రయాణంలోనే ఉపయోగించుకోవాలి. మాంసం, పాల పదార్థాలను సంచిలో పెట్టుకుని దిగడం మాత్రం అనేక దేశాల్లో నేరమవుతుందని మరువరాదు.

విమాన సంస్థలు, ప్రభుత్వాలు చేయవలసినవి ఎన్నో ఉన్నాయి. వండి ఎక్కించనిదాన్ని పంచాలి. సీలు విప్పని సరుకును మాంసంతో కలిపి కాల్చే నిబంధనను పునరాలోచించాలి. భోజనం వద్దన్న వారికి ప్రతిఫలం చూపాలి. ఇవి అడగడం మన హక్కు. కాని తినేవాడు నోరు విప్పనంత కాలం వండేవాడు ఊహిస్తూనే ఉంటాడు, ఊహించేవాడు ఎక్కువే వండుతాడు. ఈ సూత్రం ఆకాశానికే పరిమితం కాదు. వలీమా పిలుపు అందుకుని, వస్తామో రామో చెప్పకుండా ఊరుకునే మనమంతా ఆ రాత్రి ఒక దేగ్ అడుగున మిగిలిపోయే అన్నానికి బాధ్యులమే. ఈసారి టికెట్టు తీసుకునేటప్పుడు ఏజెంటును ఒక్క ప్రశ్న అడగండి: నా భోజనం సంగతి ఏమని రాశారు? ఈసారి దావత్ చీటీ అందినప్పుడు వస్తున్నామనో, రాలేమనో ఒక్క మాట తిరిగి చెప్పండి.